అనుకుందాం

ఈ ఆటకు కావలసిన పెట్టుబడి "అనుకుందాం" అన్న ఒక్క మాట. కనుక ఆ మాటతోనే ఆరంభించడం న్యాయం. అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌లో, 2024 నుంచి అధికారికంగా శ్రీవిజయపురమని పిలువబడుతున్న ఆ ఊళ్ళో, జంగ్లీఘాట్ ప్రాంతాన ఒక తెలుగు యువకుడు ఉన్నాడనుకుందాం. అతని తాత శ్రీకాకుళం తీరం వదలి, చేపల వేట నమ్ముకొని, ఓడెక్కి వచ్చినవాడు. అది డిసెంబరు మాసం. దేశమంతటికీ గడియారం ఒకటే గనుక, తూర్పున ఎక్కడో ఉన్న ఈ దీవుల వద్ద సూర్యుడు హైదరాబాదులో కంటె దాదాపు ముప్పావుగంట ముందుగా సెలవు పుచ్చుకుంటాడు. ఐదు దాటేసరికి చీకటి. అతడు కిటికీ మూసి, కంప్యూటర్ ముందు కూర్చొని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటాడు. విశాఖలో అతని పెదనాన్న కూతురు, హైదరాబాదులో ఇద్దరు చిన్ననాటి మిత్రులు, న్యూజెర్సీలో అప్పుడే నిద్రలేచిన మరొకడు ఒక్కొక్కరుగా వచ్చి చేరుతారు. ఎవరి ముఖమూ కనపడదు. కనపడకూడదన్నది వారి నియమం.

"రాత్రి మూడో జాము," అంటాడతడు. "పడవ అడుగున ఏదో గీసుకొన్న చప్పుడు. ఇప్పుడేం చేస్తారు?"

ఈ ఆటంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉన్నది. ఒకడు కథను నడుపుతాడు. తక్కినవారు ఆ కథలోని పాత్రలు. దొంగో, వైద్యురాలో, మంత్రవేత్తో, ఎవరి పాత్రను వారే కల్పించుకుంటారు. నడిపేవాడు లోకాన్ని వర్ణిస్తాడు. ఆ లోకంలో ఏమి చేయాలో ఆడేవారు చెబుతారు. చేయబోయిన పని సాధ్యమా కాదా అన్న సందేహం వచ్చినప్పుడు పాచిక తీర్పు చెబుతుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు, ఒక్కొక్కటీ సమబాహు త్రిభుజం. ఏ అంకె పడే అవకాశమైనా నూటికి ఐదు పాళ్ళే. నడిపేవాడు ఎంత గడుసువాడైనా పాచికను శాసించలేడు. తాను మనసులో కట్టుకొన్న కోట ఒక్క అంకెతో కూలిపోతుంటే చిరునవ్వుతో చూడగలగాలి. శకుని పాచికలతో ఈ ఆట ఆడడం కుదరదు.

దీనికి తొలి రూపమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దానికి కర్తలు. ఒకరు విస్కాన్సిన్ రాష్ట్రంలోనూ మరొకరు మిన్నెసోటాలోనూ ఉండి, ఉత్తరాలమీదా టెలిఫోనుమీదా చాలాభాగం రూపొందించుకొన్నారు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. ఒక బల్ల చుట్టూ కూర్చొని ఆడుకొనే ఈ ఆట పుట్టుకలోనే దూరం ఉన్నదన్నమాట. నేడు బల్ల లేకుండానే, సముద్రాలకు అటూ ఇటూ కూర్చొని ఆడుతున్నారంటే అందులో వింత లేదు.

తెలుగువారికి ఈ పద్ధతి బొత్తిగా కొత్తదీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితకవి పన్నెండు భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలను తలచుకోండి. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ ఒక గోపకుమారుణ్ణి వెంటబెట్టుకొంటాడు. దారిలో కనపడిన వింతలన్నిటికీ కథ చెప్పాలన్న ఒప్పందంమీద ఆ పిల్లవాడు బయలుదేరుతాడు. ప్రతి మజిలీలోనూ వాడు ఏదో ఒకటి చూసి వస్తాడు, అడుగుతాడు, ఆ ప్రశ్నతో కథ మొదలవుతుంది. యతి వద్ద మణి ఉండవచ్చు గాని, కథలకు మూలధనం పిల్లవాడి ప్రశ్న. వాడు అడగకపోతే పన్నెండు భాగాలు లేవు. ఇంకా సామాన్యమైన ఉదాహరణ కావాలంటే, అరుగుమీద పడుకొని కథ చెప్పే ప్రతి అవ్వా మనమలకు పెట్టే షరతే చాలు: ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందా, కథ ఆగుతుంది. నిద్రపోయారో లేదో తెలుసుకొనే ఉపాయం అది అనుకుంటారు గాని, అంతమాత్రమే కాదు. చెప్పేవారికి ఊపిరి ఆ ఊఁకారమే.

దూరాన ఉన్నవారితో ఆడేటప్పుడు మొట్టమొదట పోయేది సరిగ్గా ఇదే. ఇంట్లో కుక్కర్ ఈలలూ వీధిలో హారన్లూ వినపడకూడదని ఆడేవారు తమ మైకులను ఆపి ఉంచుతారు. మర్యాదకే చేసినా, కథ చెప్పేవాడికి అది శూన్యం. నవ్వు వచ్చిందో రాలేదో తెలియదు. భయం కలిగిందో లేదో తెలియదు. నూతిలో రాయి వేసి చప్పుడుకోసం చెవి ఒగ్గినట్లు ఉంటుంది.

అండమాన్‌లో ఉన్నవారికి ఈ ఇబ్బందిపైన మరొక ఇబ్బంది చాలాకాలం తోడైంది. 2020 ఆగస్టు వరకు ఈ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహాల ద్వారానే అందేది. భూస్థిర ఉపగ్రహం ముప్పైఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అంత దూరం పైకి పోయి, అంత దూరం కిందికి దిగి, జవాబు మళ్ళీ అదే దారిన రావాలి. ఎంత వేగంగా వచ్చినా అరసెకను ఆలస్యం తప్పదు. లెక్కలో అరసెకను స్వల్పమే. సంభాషణలో అది చాలా పెద్దది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు, ఇద్దరూ "నువ్వు చెప్పు" అంటారు. ఊఁ అన్నది చోటు తప్పి పడితే అది ఊఁ కాదు, అడ్డంకి. ఆ ఏడు ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భాన వేసిన కేబుల్ ప్రారంభమైంది. దీవుల మధ్య శాఖలతో కలిపి దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. సంకేతం ఇప్పుడు చెన్నైకి సెకనులో నూరోవంతుకు అటూ ఇటూగా చేరుతుంది. తాత మూడు రోజులు ఓడలో వచ్చిన సముద్రం కిందనుంచి మనుమడి మాట రెప్పపాటుకంటె ముందే ఆవలి ఒడ్డున ఉంటుంది.

అయినా తీగ మాటను చేరవేస్తుందేగాని ఊఁ కొట్టించలేదు. అది నడిపేవాడి పని. జంగ్లీఘాట్ యువకుడు ఈ విషయంలో కొన్ని సంగతులు కష్టపడి నేర్చుకొన్నాడనుకోవాలి. మొదట్లో అతడు పేజీల కొద్దీ వర్ణన రాసుకొని చదివేవాడు. రాజవంశాల చరిత్రలు, పటాలు, శిథిల దేవాలయాల శిల్పాలు. అతడు చదువుతుండగా హైదరాబాదు మిత్రులు కూరలు తరుక్కొనేవారు. ఇప్పుడు మూడు వాక్యాలకు మించి చెప్పడు. అందులోనూ కంటికి కనపడేదానికంటె ముక్కుకు తగిలేది, చేతికి తాకేది, చెవిన పడేది ముందు చెబుతాడు. తెరమీద చూపే బొమ్మ ఎంత బాగున్నా అది ఒకరు గీసినదే. తడిసిన తాటాకు వాసన అంటే ఐదుగురికీ ఐదు ఇళ్ళు గుర్తుకు వస్తాయి. ఆ తరువాత అందరినీ కలిపి "ఏం చేస్తారు?" అని అడగడు. పేరు పెట్టి ఒకరిని అడుగుతాడు. అందరినీ అడిగితే ఎవరూ పలకరు. ఇది పెళ్ళిపందిట్లో "ఎవరైనా కాస్త నీళ్ళు తెండి" అన్న కేకవంటిది.

చప్పుడు వినపడితే వినపడనీ, మైకులు తెరిచే ఉంచమంటాడు. ఒకనాడు విశాఖలో ఎవరో తలుపు కొట్టారు. ఆ చప్పుడును అతడు కథలోకి లాక్కొన్నాడు. ఓడ గది తలుపు బయట ఎవరో నిలుచున్నారన్నాడు. పాలబ్బాయి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ బయటి మనిషి ఎవరన్నది మూడు వారాలు నడిచింది. సంకేతం తెగి ఎవరైనా మాయమైతే ఆ పాత్ర "యోగనిద్ర"లోకి పోయినట్లు. తిరిగి రాగానే ఏ కల వచ్చిందో చెప్పవలసి ఉంటుంది. ఆ కలలు ఒక్కొక్కసారి అసలు కథకంటె బాగుంటాయి.

కల్పనకు ముడిసరుకు అతనికి కొదువ లేదు. బ్యారెన్ దీవిలో దేశంలోకెల్లా ఏకైక సజీవ అగ్నిపర్వతం ఉన్నది. 1787లో అది నిప్పులు కక్కడం చూసినవారు రాసిపెట్టారు; ఆ తరువాతి రోజుల్లో ఎంతోకాలం నిద్రించి 1991లో మేలుకొన్నది. ఒకనాటి రాస్ దీవిలో, ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవిలో, తెల్లదొరల భవనాలను చెట్ల వేళ్ళు పట్టి పిండుతున్నవి. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గరి గుహలలో తమ లాలాజలంతో గూళ్ళు కట్టే పక్షులున్నవి. అవి కటిక చీకట్లో టక్ టక్ మని చప్పుడు చేస్తూ, ఆ ప్రతిధ్వని విని దారి తెలుసుకుంటాయి. ఇవన్నీ పేర్లు మార్చుకొని అతని కల్పిత ద్వీపసమూహంలోకి వచ్చినవి. మాయలేవీ కలపకుండానే వీటిలో మాయ ఉన్నది. పక్షుల చప్పుడును అతడు నాలుకతో చేసి వినిపించిన రాత్రి చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చిక్కు వచ్చినది వేరొకచోట. కథలోని పడవ ఒక అడవి దీవిని సమీపిస్తుంది. ఒడ్డున విల్లంబులు ధరించిన మనుషులు. వారు నరభక్షకులని అతడు రాసుకొన్నాడు. ఇటువంటి కథలలో అటువంటివారు ఉండడం ఆనవాయితీ గనుక రాసుకొన్నాడు తప్ప, వేరే ఆలోచన లేదు. బాణం వచ్చి పడవకు గుచ్చుకొన్నది. హైదరాబాదు మిత్రుడు పాచిక చేతిలోకి తీసుకొన్నాడు. అప్పుడు విశాఖ అక్క అడిగింది: "ఆగు తమ్ముడూ. వాళ్ళెందుకు బాణం వేశారు?"

అతని కాగితాలలో దానికి జవాబు లేదు.

ఆ ఆనవాయితీ వయసు ఏడు వందల ఏళ్ళు. పదమూడవ శతాబ్దం చివర మార్కోపోలో ఈ దీవులను గురించి చెబుతూ, ఇక్కడి పురుషులకు కుక్క తలలుంటాయనీ, పరాయివాడు చిక్కితే తినేస్తారనీ అన్నాడు. బహుశా ఓడవాళ్ళ నోట విన్న మాటలే అయి ఉంటాయి. 1890లో కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో విషపు ముల్లు ఊదే ఒక మరుగుజ్జు హంతకుణ్ణి సృష్టించి, అతడు అండమాన్ వాసి అన్నాడు. ఆ జాతి యావత్తూ నరమాంస భక్షకులని నవలలోని గెజిటీరు చేత చెప్పించాడు. ఆ రచయిత ఈ గడ్డమీద అడుగు పెట్టినవాడు కాడు. అండమాన్ ఆదివాసులు మనుషులను తిన్నారనడానికి నమ్మదగిన ఆధారం ఏనాడూ దొరకలేదు. లోకంలో ఎక్కడెక్కడివారో ఈ దీవులను తమ అద్భుతకథలకు రంగస్థలం చేసుకొన్నారు. ఆ కథలు చెప్పేటప్పుడు ఈ దీవులవాడు ఒక్కడూ ఎదుట కూర్చొని ఊఁ కొట్టలేదు, ఊఁహూఁ అననూ లేదు. జరిగినదేమో మరొకటి. 1858లో ఆంగ్లేయులు ఇక్కడ ఖైదీల వలస నెలకొల్పిన తరువాత, బయటివారు తెచ్చిన వ్యాధులతో, వేలలో ఉండిన గ్రేట్ అండమానీయులు పదులలోకి దిగిపోయారు. వారి భాషలలో ఒకటైన 'బో'ను మాట్లాడే చివరి వ్యక్తి, బోవా సీనియర్ అనే వృద్ధురాలు, 2010 జనవరిలో కన్నుమూశారు. తనతో ఆ భాషలో మాట్లాడేవారెవరూ మిగలనందున ఆమె పక్షులతో మాట్లాడుతుండేవారని, ఆమె మాటలను నమోదు చేసిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి చెప్పారు.

జంగ్లీఘాట్‌లో పుట్టిపెరిగినవాడికి ఇవి తెలియని సంగతులు కావు. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ళలోపలికి పోరాదన్న నిషేధం అక్కడి జాలరులందరికీ తెలుసు. తెలిసి కూడా, తన కథ దగ్గరకు వచ్చేసరికి అతని కలం మార్కోపోలో దారినే పోయింది. కల్పనాలోకం గదా, నిజమైనవారికి దానితో ఏమి పని అని సమాధానపడవచ్చు. ఆ సమాధానం చాలదు. నవలలోని మరుగుజ్జు కూడా కల్పితుడే. కాని ఆ నవల చదివినవారు ఎందరో ఆ బొమ్మనే నిజమైన మనుషులకు తగిలించుకొన్నారు. పుస్తకం చదివేవాడికి మధ్యలో లేచి "వాళ్ళెందుకు బాణం వేశారు?" అని రచయితను అడిగే వీలు లేదు. ఈ ఆటలో ఉన్నది. ఇతర కథాప్రక్రియలకంటె దీనికి ఏదైనా ఆధిక్యం ఉంటే, పాచికలకంటె పటాలకంటె, అందులో ఉన్నది.

అతడు అక్కకు వెంటనే జవాబు చెప్పలేదు. "పది నిమిషాలు విరామం" అన్నాడు. తిరిగి వచ్చి, బాణానికి మొన లేదన్నాడు. మొన తీసివేసిన బాణం. న్యూజెర్సీ మిత్రుడు అది ఓర్మి చాలని హెచ్చరిక అన్నాడు. హైదరాబాదు మిత్రుడికి నమ్మకం కలగలేదు. అక్క మాత్రం పడవ వెనక్కి తిప్పమన్నది. గంటసేపు వాదించుకొన్నారు. ఆ గంటలో ఒక్క పాచికా దొర్లలేదు. ఒక్క మైకూ మూగబోలేదు. చివరకు పడవ తిరిగింది; ఆ మొన లేని బాణాన్ని మాత్రం తెరచాప కొయ్యకు కట్టి ఉంచుకొన్నారు.

ఎనిమిదిన్నర అయింది. న్యూజెర్సీ మిత్రుడికి ఆఫీసు వేళ. ఒక్కొక్కరే సెలవు పుచ్చుకొన్నారు. యువకుడు తన పుస్తకంలో నరభక్షకుల పేజీలు మూడు కొట్టివేసి, ఆ రోజు ఎవరెవరు ఏమన్నారో పేర్లతో సహా రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ దీవిలో ఎవరుంటారో అతనికి ఇంకా తెలియదు. అక్క ఇంకా లైనులోనే ఉన్నదని కాసేపటికి గాని గమనించలేదు.

"మరి వాళ్ళు మన పడవను చూసి ఏమనుకొని ఉంటారు?" అన్నదామె.

"వచ్చే ఆదివారం చెబుతానక్కా."

"ఊఁ," అన్నది.