రేకు డబ్బాల్లో వాలెంటినో

ఏమండీ, పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్లెవరైనా మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే వాళ్ల వరస మీకు తెలిసే ఉంటుంది. చేతికందిన సినిమా చూడరు గానీ, ప్రింటు లేని సినిమా గురించి అడక్కపోయినా గంటసేపు చెబుతారు. "అది గనక ఉండి ఉంటేనా!" అని ఒక నిట్టూర్పు కూడా కలుపుతారు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? పోయిన సినిమా ఏదైనా సరే, కళాఖండం అయిపోవలసిందే. వెక్కిరిస్తున్నానని అనుకోకండి, నేనూ ఆ తానులో ముక్కనే.

అలా ఎనభై ఏళ్లు చారెడు కళ్లతో వెలిగిన అమెరికన్ మూకీ ఒకటుంది. పేరు 'బియాండ్ ద రాక్స్'. 1922 మే నెలలో విడుదలైంది. పారమౌంట్ వాళ్ల సినిమా, శామ్ వుడ్ దర్శకుడు. నాయిక గ్లోరియా స్వాన్సన్. ఆవిడ ఏ సినిమాలో ఏ గౌను వేసుకుందో చూడ్డానికే ఆడవాళ్లు హాలుకు వెళ్లే రోజులవి. నాయకుడు రుడాల్ఫ్ వాలెంటినో. అంతకు ముందు ఏడాదే 'ద షేక్'తో ఊళ్లకు ఊళ్లను ఊపేశాడు. వీళ్లిద్దరూ కలిసి నటించింది ఈ ఒక్క సినిమాలోనే. వాలెంటినో 1926లో, 31 ఏళ్లకే పోయాడు. సినిమా కూడా పోయింది. ఇక కథలల్లుకోవడానికి అభిమానులకు ఇంతకన్నా ఏం కావాలి?

సినిమా పోవడమేమిటంటారా? అప్పటి ఫిల్ము నైట్రేట్‌తో చేసేవారు. అంటుకుందంటే ఆర్పడం ఎవరితరమూ కాదు, నీళ్లలో ముంచినా మండుతుంది. అంటుకోకపోతే డబ్బాలోనే జిగురై, ఆ తర్వాత పొడి అయిపోతుంది. దానికి తోడు, టాకీలు వచ్చాక మూకీని ఎవరు చూస్తారని స్టూడియోలే పారేశాయి. ఫిల్ములోని వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తీస్తే, అమెరికాలో తీసిన పెద్ద మూకీలు పదకొండు వేలకు కాస్త తక్కువ. వాటిలో తొలి విడుదల నాటి రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి 14.

మరి ఇది ఎక్కడ దొరికిందంటారు? హాలీవుడ్‌లో కాదు, నెదర్లాండ్స్‌లో. హార్లెమ్ అనే ఊళ్లో ఒక పెద్దమనిషి జీవితమంతా ఫిల్ము డబ్బాలు పోగేశాడు. ఆయన పోయాక, ఆ తుప్పు పట్టిన డబ్బాలన్నీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫిల్మ్ మ్యూజియానికి చేరాయి. ఒకటా రెండా, రెండు వేల దాకా! అక్కడివాళ్లు ఓపిగ్గా ఒక్కొక్కటే మూత తీసి చూస్తుంటే, ఒక డబ్బాలో వాలెంటినో కనిపించాడు. రీళ్లన్నీ ఒకచోట లేవు. ఒకటి ఇక్కడ, ఇంకొకటి అక్కడ. వెతికి వెతికి వరస కలిపారు. టైటిల్ కార్డులన్నీ డచ్చి భాషలో ఉంటే, పాత స్క్రిప్టు చూసి ఇంగ్లీషువి మళ్లీ తయారు చేశారు. 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ, తర్వాత కాన్ ఉత్సవంలోనూ వేశారు. 1983లో కన్నుమూసిన స్వాన్సన్‌కు మాత్రం చూసుకునే యోగం లేకపోయింది.

ఇంతవరకూ పత్రికల్లో వచ్చిన సంగతే. నాకు అసలు ముచ్చట ఆ తర్వాతిది. 2006లో మైల్‌స్టోన్ అనే చిన్న సంస్థ దీన్ని డీవీడీగా తెచ్చింది. ఉత్సవంలో చూసినవాళ్లు ఎంతమందని? కోటు వేసుకుని వెళ్లి, చప్పట్లు కొట్టి వచ్చేస్తారు. చప్పట్లు కొట్టేటప్పుడు సినిమా బాగుందా లేదా అని ఎవరూ చూడరు, దొరికిందన్న సంబరమే. ఇంటికి తెచ్చుకున్నామనుకోండి, లుంగీ కట్టుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, నచ్చని చోట ఆపి, నచ్చినచోట వెనక్కి తిప్పి చూస్తాం. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

కథ వింటారా? థియొడోరా అనే అమ్మాయి, ఇంటి పరిస్థితి చూసి, డబ్బున్న ముసలాయన్ని చేసుకుంటుంది. పడవ మీంచి నీళ్లలో పడితే కాపాడేది లార్డ్ బ్రాకన్‌డేల్, అంటే మన వాలెంటినో. తర్వాత ఆల్ప్స్ కొండల్లో జారి పడితే కాపాడేదీ ఆయనే. ఎక్కడ పడబోతుందో ముందే తెలిసినట్టు ప్రత్యక్షమవుతాడు! ఇక ఆ ఉత్తరాల ఘట్టం చూడాలి. ఆవిడ మొగుడికొక ఉత్తరం, ప్రియుడికొక ఉత్తరం రాసి కవర్లలో పెడుతుంది. గిట్టని ఇంకొక ఆడమనిషి కవర్లు విప్పి, ఆ కాగితం ఇందులో, ఈ కాగితం అందులో పెట్టేస్తుంది. మొగుడు చదువుకుంటాడు. కేకలు లేవు, కొట్లాట లేదు. ఆ ముసలాయన ముఖం ఒక్కసారి వాడిపోతుంది, అంతే. అడ్డు తొలగడానికి ఆఫ్రికా ఎడారికి వెళ్లి, అక్కడ దొంగల తూటాకు బలవుతాడు. సినిమా అంతటికీ మనసున్న మనిషి ఆయనే అనిపిస్తుంది. ఎనభై ఏళ్ల కథనాల్లో ఆయన్ను తలుచుకున్నవాళ్లే లేరు!

స్వాన్సన్ తన ఆత్మకథలో ఒక తమాషా చెప్పింది. సెన్సారు భయంతో ముద్దు సీన్లు రెండేసి సార్లు తీశారట, అమెరికా వాళ్లకు పొట్టిది, ఐరోపా వాళ్లకు పొడుగుది.

కొన్నిచోట్ల నైట్రేటు తిన్న మచ్చలు బొమ్మ మీద పాకుతూ ఉంటాయి. వాటిని దాచకపోవడమే మంచిదయింది. కొత్తగా కట్టిన సంగీతంలో మాత్రం పరిసరాల చప్పుళ్లు కూడా కలిపారు. నాకది రుచించలేదు. మూకీకి చప్పుళ్లెందుకండీ? రిమోట్ నా చేతిలోనే ఉంది కాబట్టి గొంతు నొక్కేశాను. ఇదే హాల్లో అయితే ఎవరితో చెప్పుకోను? అదే డిస్కులో వాలెంటినో 1919 నాటి సినిమా ఒకటి అదనంగా ఇచ్చారు. స్టార్ కాకముందు ఎలా ఉండేవాడో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇంతకీ కళాఖండమేనా అంటే, కాదు. చక్కని ముఖాలు, చక్కని బట్టలు, నీరసమైన కథ. అయినా ఆ డిస్కు చేసిన మేలు చిన్నది కాదు. గాలికబురుగా ఉన్నదాన్ని మామూలు సినిమాగా మన చేతిలో పెట్టింది. పొగిడినా తిట్టినా ఇకమీదట చూసే మాట్లాడాలి. గొప్ప సినిమాలు మాత్రమే మిగిలితే ఆ కాలం జనం రోజూ ఏం చూసి మురిసిపోయారో మనకెలా తెలుస్తుంది?

మన మూకీల విషయంలో మనకా భాగ్యం లేదు. తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' బాగుందో లేదో చెప్పగలిగేవాళ్లెవరు? దేశం మొత్తం మీద తీసిన మూకీలు 1300 దాకా అంటారు. మిగిలినవి ముప్పైకి మించవు. హార్లెమ్ పెద్దమనిషిలాంటి వాళ్లు మన ఊళ్లలోనూ ఉండే ఉంటారు. పాత టూరింగ్ టాకీసు వాళ్లదో, తాతగారిదో అటక మీద రేకు డబ్బా కనబడితే పాత సామాన్లవాడికి తూకానికి వెయ్యకండి. ఎండలో పెట్టకండి, ప్రొజెక్టరుకు ఎక్కించి చూద్దామని సరదా పడకండి, మండే సరుకు కావచ్చు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లకు ఒక ముక్క రాయండి, ఏం చేయాలో వాళ్లు చెబుతారు.