తూకానికి అమ్మిన బండి

పిల్లలూ! మా ఊరు బౌరంపేట. పోయిన సెలవుల్లో మా అమ్మాయిని వెంటబెట్టుకుని హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళాను. అక్కడ పసుప్పచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి ఉన్నది. ఇంగ్లండులో 1912లో తయారైంది. దాన్ని చేయించమన్న ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1911లోనే చనిపోయాడు. కారు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖానుకు దక్కింది. వేడుకలకే బయటికి తీసేవారు కాబట్టి 1947 దాకా అది తిరిగింది 356 మైళ్ళే! అంటే ఇక్కడినుంచి విజయవాడ పోయి వచ్చినంత దూరం.

తిరగని బండి కొత్తగానే ఉంటుందనుకుంటున్నారా? ఉండదు. రబ్బరు బీటలు వారుతుంది, నూనె జిగురెక్కుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. అందుకే ఆ కారును ఓపికగా బాగుచేయించి నిలబెట్టారు.

“నాన్నా, దీన్ని అమ్మరా?” అని మా అమ్మాయి అడిగింది.

“అమ్మరమ్మా.”

“మరి తాత స్కూటరు ఎందుకు అమ్మావు?”

నాకు నోట మాట రాలేదు. నన్ను బడికి మోసిన ఆ స్కూటరును ఏళ్ళ తరబడి వానకు వదిలేసి, చివరకు పాత ఇనుము కొనేవాడికి తూకానికి ఇచ్చింది నేనే.

మీ ఇంట్లో అటువంటి బండి ఉంటే, ముందు దాని దుమ్ము తుడవండి. అమ్మేమాట తర్వాత ఆలోచించవచ్చు.