మన్ననూరు దారిలో అగ్నిశిఖ

శ్రావణమాసం ముసురులో హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టాం. మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి 9 తర్వాత ఆ దారిన బండ్లు వదలరు. జనం పులి కోసం వస్తారు. నేను వెళ్లింది అగ్నిశిఖ పువ్వు కోసం. అడవి నాభి అన్నా అదే.

చెంచు పెద్దాయన వెంట గంటకు పైగా తిరిగాం. నల్లమద్ది, ఏగిస చెట్ల కింద చిక్కటి నీడ. తీగలు ఒకటీ రెండూ కనబడ్డాయి గాని పువ్వు లేదు. "ఇంత నీడల పూయదు సార్, రోడ్డుకాడికి పోదాం" అన్నాడాయన. ఆ మాట ముందే అని ఉంటే నా మోకాళ్లకు అంత పని పడేది కాదు.

రోడ్డు వారన ముళ్లపొద మీద కనబడింది.

దీనికి వేరే నులితీగలు లేవు. ఆకు కొసే సన్నబడి, మెలి తిరిగి, పక్క కొమ్మను చుట్టేస్తుంది. పువ్వు తల కిందికి వేలాడుతుంటే, అంచులు అలలు తిరిగిన ఆరు రేకులూ వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి. విచ్చుకున్నప్పుడు పసుపుపచ్చ, తర్వాత నారింజ, ఆపైన ఎరుపు. ఒకే తీగ మీద పైన లేత పసుపు, కింద నెత్తురు రంగు. 1753లో లిన్నేయస్ దీనికి 'గ్లోరియోసా సూపర్బా' అని పేరు పెట్టాడు. కాస్త ఆర్భాటమే గాని, అబద్ధం కాదు.

నాకు మాత్రం సంస్కృతం పేరు 'లాంగలి' ఎక్కువ నచ్చింది. లాంగలమంటే నాగలి. దుంప అలాగే వంకర తిరిగి ఉంటుంది మరి. తొలకరికి ఆ దుంప కొస నుంచే మొలక లేస్తుంది. వానలు వెనకబట్టాక తీగ ఎండిపోతుంది. దుంప మళ్లీ తొలకరి దాకా మట్టిలో నిద్రపోతుంది. నీరు నిలిస్తే కుళ్లుతుంది. అందుకే నీరు ఇంకిపోయే ఎర్రనేలలు, మొదలు దగ్గర నీడ, తలమీద వెలుతురు ఉండే పొదల అంచులే దానికి ఇష్టం.

"ముట్టుకో సార్, నోట్ల మాత్రం పెట్టకు. గడ్డ జోలికి అసలే పోవద్దు."

మొక్కంతా విషమే, దుంపలో, గింజల్లో కాల్చిసిన్ మరీ ఎక్కువ. గౌట్ నొప్పులకు వాడే మందూ అదే. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, గింజల కోసం అక్కడి రైతులు పందిళ్లు వేసి సాగు చేస్తారు.

మన్ననూరులో టీ తాగబోతుంటే పెద్దాయన నా గ్లాసు పక్కకు జరిపి, చెంబుతో నీళ్లు పోశాడు. "ముందు చేతులు."