చిటికెన వేలు, ఉంగరపు వేలు

డిసెంబరు 21. రాత్రి, చార్మినార్ ఎక్స్‌ప్రెస్

వరంగల్‌లో ఎక్కాను. అమ్మ సకినాలు కట్టిచ్చింది. పండుగకు ముందే ఎందుకంటే, పిండి ఉన్నదంది. ఆఫీసు దోస్తులతో చెన్నై పోతున్నానని ఇంట్లో చెప్పాను. దోస్తులు అన్న మాటలో "లు" ఒక్కటే అబద్ధం.

బెజవాడలో తను ఎక్కింది. అర్ధరాత్రి కావస్తోంది. చేతిలో స్టీలు డబ్బా, పులిహోర. ప్లాట్‌ఫాం మీద వాళ్ల నాన్న. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. బండి కృష్ణ వంతెన ఎక్కాక లేచాను.

పులిహోర, సకినాలు. లైట్లు ఆర్పేశారు. చీకట్లో సకినం కొరికితే బోగీ అంతా వినబడుతుంది.

డిసెంబరు 22

గూడూరు దాటాక తెల్లారింది. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆదితాళం పాఠం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది.

నేను చూపుడు వేలితో మొదలుపెట్టాను.

"అలా కాదు. చిటికెన వేలు ముందు."

వేలు పట్టుకుని చూపించింది. పక్క సీటు పెద్దాయన పేపరు దించి మమ్మల్నే చూశాడు. మళ్లీ పేపరు ఎత్తాడు. కాసేపటికి పేపరు వెనక నుంచే, "దెబ్బ తొడ మీద వెయ్యి బాబూ, నిలుస్తుంది" అన్నాడు. నిలిచింది.

ట్రిప్లికేన్‌లో నా గది. వీటిని మాన్షన్ అంటారు. వరుసగా ఒంటరి మగవాళ్ల గదులు. మంచం, కొక్కెం, కిటికీ. వసారాలో తాడు మీద పద్నాలుగు లుంగీలు.

తను మైలాపూరులో వాళ్ల పిన్ని ఇంట్లో. "మా ఆఫీసే పిన్నీ" అని పరిచయం చేసింది. పిన్ని కాఫీ తెచ్చింది. డబరాలోకి ఎత్తి పోసి చల్లార్చుకోవడం చూపించింది. ఆఫీసు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

డిసెంబరు 23

తెల్లవారుజామున నాలుగున్నరకు కపాలీశ్వరుడి గుడి ముందు. మాడ వీధుల్లో ఇంటింటికీ ముగ్గు, కొన్ని ఇంకా తడిగా. తొక్కకుండా నడవాలంటే రోడ్డు మధ్యకు రావాలి. భజన బృందం వచ్చింది. ఒకాయన హార్మోనియం మెడకు తగిలించుకున్నాడు. మిగతావాళ్లకు శాలువాలు, మంకీ క్యాపులు. వాళ్ల చలి నాకు ఫ్యాను గాలి.

పాపనాశం శివన్ ధనుర్మాసమంతా ఈ నాలుగు వీధుల్లోనే భజన చేస్తూ తిరిగేవారట. 1973లో పోయారు. వీధుల్లో భజన ఆగలేదు.

తను వాళ్ల వెనక నడిచింది. నేను తన వెనక. ఉత్తర మాడ వీధి మలుపులో తను గొంతు కలిపింది. పరిచయమై పద్నాలుగు నెలలు. తన పాట వినడం ఇదే మొదలు. ఆఫీసు ఫోన్లలో విన్న గొంతు కాదది.

మధ్యాహ్నం

నా మొదటి కచేరి. పగటి కచేరీలకు చాలాచోట్ల టికెట్టు ఉండదు. చిన్నవాళ్లు పాడతారు. పెద్దవాళ్లది సాయంత్రం.

హాల్లో ఇరవై మూడు మందిమి. పాడే అమ్మాయికి పద్దెనిమిది ఉంటాయేమో. వాళ్లమ్మ మొదటి వరుసలో కూర్చుని పెదవులతో మొత్తం పాడింది. ఆలాపన మొదలైంది. మాటలుండవు. పది నిమిషాలు ఏం వినాలో తెలియలేదు. తర్వాత ఆ అమ్మాయి మెల్లగా పైకి వెళ్లి ఒకచోట నిలబడింది. వాళ్లమ్మ పెదవులు ఆగిపోయాయి. నాకు ఊపిరి తీసుకోవడం గుర్తులేదు.

"కల్యాణి" అంది తను, చెవిలో.

రాసుకున్నాను. కల్యాణి. ఒకటి.

డిసెంబరు 24

సభ ఏదైనా వెనక క్యాంటీన్ ఉంటుంది. అరిటాకు భోజనం. అరటిపువ్వు వడ. పక్కన కూర్చున్న తాతగారి చేతిలో చిన్న పుస్తకం: రోజు, సభ, పాడినవారు, రాగాలు. పోయిన ఏడాది డెబ్బై ఒక్క కచేరీలు విన్నారు. పుస్తకం తిరగేసి చూపించారు. ఒక రాగం పక్కన ప్రశ్నార్థకం, దాన్ని కొట్టేసి వేరే సిరాతో పేరు. ఎన్నాళ్లకు దొరికిందో అడగాల్సింది.

సాయంత్రం. మధ్యమావతిలో త్యాగరాజ కృతి. అందులో "ముచ్చట" అన్న మాట వచ్చింది. పక్క సీటు మామి నావైపు వంగి, మీరు తెలుగే కదా, అంటే ఏమిటి అని ఇంగ్లీషులో అడిగారు.

మాట్లాడుకోవడం అన్నాను. మా వరంగల్‌లో ముచ్చట పెట్టడం అంటే అదే.

తను నా మీదుగా వంగి, కాదండీ, చూడ్డానికి ముద్దుగా ఉండటం అంది.

మామి ఇద్దరినీ చూసి రెండూ రాసుకున్నారు. ఆ పాటలో తను చెప్పిందే కుదురుతుంది. అడిగి తెలుసుకున్నాను.

రాత్రి మెరీనా దాకా నడిచాం. తను చెప్పేదాకా ఆలోచించలేదు: మూడున్నర గంటలు తమిళ ఊళ్లో, తమిళుల మధ్య కూర్చుని నా భాష విన్నాను. త్యాగరాజు పుట్టింది తిరువారూరు, ఉన్నది తిరువయ్యారు. రాసింది తెలుగు. శ్యామశాస్త్రి కృతులూ ఎక్కువ తెలుగే. ఈ పాటలు ఎవరివో అని ఇన్నాళ్లూ ఛానల్ మార్చేశాను.

డిసెంబరు 25

మ్యూజిక్ అకాడమీ. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానితోపాటే సంగీత సభలు. మరుసటి ఏడు అకాడమీ పుట్టింది. క్రిస్మస్ సెలవులు పెద్ద సౌకర్యం: వకీళ్లకు, గుమాస్తాలకు, ఇప్పుడు మాకు.

ప్రధాన కృతి అయ్యాక తని ఆవర్తనం. మృదంగం, ఘటం మాత్రమే. మా వరుసలో సగం మంది లేచి క్యాంటీన్‌కు పోయారు. నాకు బాధేసింది. రెండున్నర గంటలు ఆ ఇద్దరూ ఒకరి కోసం వాయించారు. వాళ్ల వంతు వచ్చేసరికి కుర్చీలు ఖాళీ.

మేం కదల్లేదు. తను నా అరచేతిలో తాళం వేసింది. చివర అందరి చెయ్యీ ఒకేసారి పడింది, మాదీ పడింది.

శాంథోమ్ చర్చి దగ్గర పిల్లలు, నక్షత్రాలు, బెలూన్లు. ఇద్దరం ఒక కేకు ముక్క తిన్నాం.

డిసెంబరు 26

కచేరి అయ్యాక మృదంగం ఆయన ఎడమవైపు తోలు మీద నుంచి ముద్దను గోకి తీస్తున్నాడు. దగ్గరకు పోయి అడిగాను. బొంబాయి రవ్వ. నీళ్లతో తడిపి ముద్ద చేసి కచేరికి ముందు అంటిస్తారు, మంద్రం పలకడానికి. అయ్యాక తీసేస్తారు. ఇప్పుడు చాలామంది సిలికాన్ వాడతారు. ఆయన వాడరు. కుడివైపు శ్రుతి రాయితో, చెక్కపుల్లతో కొట్టి సరిచేస్తారు.

మా ఊళ్లో డప్పును మంట మీద కాపుతారని చెప్పాను. గడ్డి మంట. తోలు బిగిసి కంగుమంటుంది.

"చలికాలమైతే ఎంతసేపు?" అన్నాడాయన.

పది నిమిషాలు ముచ్చట పెట్టుకున్నాం. నా అర్థంలోనే. ఆయన తమిళం, నా తెలుగు. తను మధ్యలో కూర్చుంది, ఒక్క మాటా అనువదించాల్సిన పని పడలేదు.

డిసెంబరు 27

వాన. కచేరి లేదు. పిన్ని ఇల్లు.

అటక మీద నుంచి వీణ దింపాం. పనస కర్ర. పిన్ని పెళ్లికి బొబ్బిలి నుంచి వచ్చింది. ఒకే దుంగను తొలిచి చేసింది కాబట్టి ఎక్కడా అతుకుండదు. ఏకాండి అంటారు. ఇరవై నాలుగు మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి. ఎండకు మైనం జరిగి రెండు మెట్లు ఒరిగాయి. నాలుగు తంత్రులు వాయించడానికి, మూడు పక్కన తాళానికి. ఒకటి తెగిపోయి ఉంది.

తను గోళ్లు చూసుకుంది. కీబోర్డుకు అడ్డమని కత్తిరించింది. "వేళ్లు మెత్తబడిపోయాయి" అంది. బెజవాడ సంగీత కళాశాలలో ఆరేళ్లు నేర్చుకుంది. బాలమురళీకృష్ణ మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాల. ఇప్పుడు ఘంటసాల పేరు మీద ఉంది. ఉద్యోగం వచ్చాక వీణ ముట్టలేదు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. నాకు వీణ సంగతే తెలియదు.

గంటసేపు శ్రుతి చేసింది. వాయించింది ఐదు నిమిషాలు. ఒరిగిన మెట్ల దగ్గరకు వచ్చినప్పుడల్లా తంత్రిని కొంచెం పక్కకు లాగి స్వరం సరిచేసుకుంది. పిన్ని వంటింట్లో కుక్కరు కట్టేసింది.

వేళ్ల కొసల్లో నల్లటి గీతలు పడ్డాయి. చూపించింది. చాలాసేపు చూశాను.

పిన్ని నాతో: "బాబూ, మీరేం తింటారు? కారం ఎక్కువ తింటారట కదా మీ వైపు." ఎవరు చెప్పారో.

డిసెంబరు 28

నాగేశ్వరరావు పార్కు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరు. అమృతాంజనం ఆయనదే, ఆంధ్రపత్రికా ఆయనదే. 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు అమృతాంజనం. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచేవారట. తలనొప్పి డబ్బుతో పత్రిక నడిచింది, పుస్తకాలు వచ్చాయి. మా నాయనమ్మ మంచం కింద ఎప్పుడూ పసుపుపచ్చ సీసా ఉండేది.

చెట్టు కింద ముగ్గురు పిల్లలు మైకు లేకుండా పాడుతున్నారు. చిన్నవాడు మరిచిపోయాడు. అక్క ఆగలేదు. వాడు తర్వాతి చరణంలో వచ్చి కలిశాడు.

బెంచీ మీద అమృతాంజనం వాసన. పక్కన కూర్చున్న పెద్దావిడది.

డిసెంబరు 29

ఇలియట్స్ బీచ్. ష్మిట్ స్మారకం నీడలో కూర్చున్నాం. మునిగిపోతున్న మనిషిని కాపాడబోయి 1930లో తానే మునిగిపోయిన డెన్మార్క్ నావికుడి పేరిట కట్టారు. ఇప్పుడు దాని కింద జంటలు కూర్చుంటాయి.

ఒకే ఇయర్‌ఫోను, చెరొక చెవి. మాండలిన్ శ్రీనివాస్. పాలకొల్లు పిల్లవాడు. 1978లో, తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరి. కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం. మా అమ్మమ్మది గుడివాడే అంది తను. ఆ రోజు వెళ్లలేదని చనిపోయేదాకా బాధపడిందట. 2014లో ఆయన పోయినప్పుడు నలభై ఐదేళ్లు.

నాకు కుడి చెవిలో సముద్రం, ఎడమ చెవిలో ఆయన. పాట మధ్యలో తను తన ఇయర్‌ఫోను కూడా తీసి నా చెవిలో పెట్టింది. "ఇక్కడ రెండు చెవులూ కావాలి."

పక్కనే ఊరూరు ఆల్కాట్ కుప్పం. జాలర్ల పేట. 2015లో ఇక్కడ సంగీతోత్సవం మొదలుపెట్టారు, పఱై డప్పుకీ కర్ణాటక సంగీతానికీ ఒకే వేదిక. మేం వెళ్లినప్పుడు వేదిక లేదు. వలలు బాగుచేస్తున్నారు. టీ దుకాణం రేడియోలో ఇళయరాజా. వల అల్లే ఆయన కాలు లయ వేస్తోంది.

డిసెంబరు 30

రోజు టికెట్ల కోసం పొద్దున్నే క్యూ. నా ముందు అరవై మంది ఉంటారు. ఒకావిడ మడత కుర్చీ తెచ్చుకుంది. నా వంతు రాగానే రెండే మిగిలాయి, పక్కపక్కన కావు.

తను ఎఫ్ వరుస, నేను ఎమ్ వరుస. మిశ్రచాపు. ఏడు. తకిట తకధిమి. ఎవరూ చెప్పకుండా పట్టుకున్నాను. చూస్తే ఏడు వరుసల ముందు తన చెయ్యి కూడా అప్పుడే పడుతోంది. పాట అయ్యేదాకా వేదిక చూడలేదు.

రీతిగౌళ. పదకొండు.

డిసెంబరు 31

అందరూ పన్నెండింటికి మేల్కొంటారు. మేం పదింటికే నిద్ర. తెల్లవారుజామున భజన ఉంది.

జనవరి 1

బండి. పిన్ని స్టేషన్‌కు వచ్చింది. నాకు వేరే పొట్లం ఇచ్చింది, కారప్పూస. తనతో చెవిలో ఏదో చెప్పింది. ఏమిటో తను చెప్పలేదు.

వచ్చేసారి తిరువయ్యారు. పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. వందల గొంతులు కలిసి ఐదు పంచరత్నాలు. ఆడవాళ్లను అక్కడ పాడనివ్వని రోజుల్లో ఆయన సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సంపాదనతో. ఆడవాళ్లకు వేరే బృందమూ పెట్టింది. ఇది చెప్తున్నప్పుడు తన గొంతు పెరిగింది. పై బెర్తు వాళ్లు కిందికి చూశారు. తను తగ్గించలేదు.

బెజవాడ. ప్లాట్‌ఫాం మీద వాళ్ల నాన్న. ఈసారి గోడవైపు తిరగలేదు. బ్యాగు దింపి ఇచ్చాను. ఆయన థాంక్స్ బాబూ అన్నారు. బండి కదిలింది.

జనవరి 2. ఇల్లు

సాయంత్రం నాన్న ఫోనులో చుక్క సత్తయ్య ఒగ్గుకథ. రోజూ ఉండేదే. అన్నం కలుపుతూ వింటున్నాను. ఎడమ చెయ్యి తొడ మీద లెక్క మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి నిలిచింది.

నాన్న నా చేతివైపు చూశాడు.

"ఏం లెక్కరా అది?"

"తాళం."

"ఎవలు నేర్పిన్రు?"

"ఆఫీసుల ఒక పిల్ల."

"ఏ ఊరోళ్లు?"

"బెజవాడ."

అమ్మ వంటింట్లో గిన్నె కింద పెట్టింది. నాన్న ఫోను సౌండు తగ్గించాడు.