పన్ను కట్టమంటే ఊరు కట్టుకున్నారు

ఏమండీ, చీరాల ఎప్పుడైనా వచ్చారా? బట్టలకి వచ్చే ఉంటారులెండి. నాలుగు చీరలని కొట్లోకి దూరి, పద్నాలుగు కట్టించుకుని, ఆ మూటతో రైలెక్కి పోయి ఉంటారు. పక్కనే పేరాల ఉందని మీకెవరూ చెప్పి ఉండరు. మా ఈపురుపాలెం సంగతి సరేసరి. బాపట్ల వైపు నుంచి వస్తుంటే చీరాలకి ముందు తగిలేది మేమే. మీ ఎక్స్‌ప్రెస్ మా దగ్గర ఆగదు. బోర్డు మీద ఊరి పేరు సగం చదివేసరికి దాటిపోతుంది. దానికి నాకేం కోపం లేదు. కొంచెం ఉంది.

సరే, చీరాల పేరాల సంగతికొద్దాం. ఈ రెండు పేర్లనీ విడదీసి పలకడం ఎవరి తరమూ కాదు. అలాగని ఒకే ఊరు అన్నారో, అయిపోయారే! పేరాల మనిషిని పట్టుకుని "చీరాలేగా మీది" అనండి. "కాదండీ, పేరాల" అని దిద్దుతాడు. ఆ 'కాదండీ'లో ఎంత మర్యాద ఉంటుందో అంత రోషమూ ఉంటుంది. మరి రెంటికీ మధ్య హద్దు ఎక్కడయ్యా అని అడగండి. ఒకడు ఈ వీధంటాడు, ఇంకొకడు ఆ మలుపంటాడు. ఈలోపు మీ టీ చల్లారిపోతుంది.

ఇలాంటి వాళ్ళంతా ఒక్కసారి ఒకే మాట మీద నిలబడ్డారు. దేనికనుకున్నారు? పన్ను కట్టకుండా ఉండటానికి! ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది చెప్పండి.

బళ్ళో చదివే ఉంటారు. చీరాల పేరాల ఉద్యమం, 1921, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, మూడు మార్కులు. అంతే కదా? పుస్తకంలో అసలు రుచంతా వదిలేశారు. వినండి.

అప్పట్లో చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి ఒక యూనియన్. ఏడాదికి వసూలయ్యే పన్ను నాలుగు వేల రూపాయలు. ఎవరి మగ్గం వాళ్ళది, ఎవరి చేను వాళ్ళది. అలా ఉండగా మద్రాసు ప్రభుత్వం వారికి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మీరిక పల్లెటూరివాళ్ళు కాదర్రా, మునిసిపాలిటీ అన్నారు. పన్ను చూస్తే నలభై వేలు! పదింతలు. నేతపని వాళ్ళు, చిన్న రైతులు ఉన్న ఊళ్ళు. ఎక్కణ్ణుంచి తెస్తారు? మాకీ పట్నం హోదా వద్దు మహాప్రభో అని మొత్తుకున్నారు. అర్జీలు పెట్టారు. కౌన్సిలర్లు రాజీనామాలు ఇచ్చేశారు. పన్ను ఎగ్గొట్టినందుకు పన్నెండు మందిని జైల్లో పెట్టారు. వాళ్ళలో ఒక ముసలావిడ కూడా ఉంది. ముసలావిడని జైల్లో పెడితే ఊరు భయపడుతుందని ఏ దొర అనుకున్నాడో గానీ, మా వైపు ముసలమ్మల నోళ్ళు ఆయనకి తెలిసినట్టు లేవు.

గోపాలకృష్ణయ్యగారి గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఒక్క మాటతో ఆగనని మీకూ తెలుసు. ఈయన ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1917లో దాన్ని హార్వర్డు వాళ్ళు అచ్చేశారు. ఏ హస్తం ఏ భావానికి పట్టాలో దొరలకి చెప్పినాయన వచ్చి, మా వాళ్ళకి సర్కారు ముందు చెయ్యి ఎలా అడ్డంగా ఊపాలో నేర్పాడు. ఊరికే ఆంధ్రరత్న అన్నారా! పైగా రామదండు అని ఒక దండు కట్టాడు. వెయ్యిమంది దాకా ఉండేవాళ్ళు. కాషాయం గుడ్డలు, మెళ్ళో రుద్రాక్షలు, నుదుట బొట్టు. ఆ ఏడాదే బెజవాడలో కాంగ్రెస్ సభలు జరిగితే జనాన్ని అదుపు చేసింది వీళ్ళే.

ఆ సభలయ్యాక ఏప్రిల్లో గాంధీగారు చీరాల వచ్చారు. ఏం చెయ్యమంటారని మా వాళ్ళు అడిగారు. శాంతంగా ఉండగలిగితే పన్ను కట్టకుండా కూర్చోండి, లేదా ఊరొదిలి పొండి అన్నారాయన. మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి? వింటే నవ్వొస్తుంది గానీ లెక్క సరిగ్గా సరిపోయింది. అయితే ఏది చేసినా కష్టనష్టాలు మీవే, కాంగ్రెస్ పూచీ ఉండదని కూడా చెప్పారు.

మన వాళ్ళు ఏది ఎంచుకున్నారు? రెండోదే! పదిహేను వేల జనాభాలో పదమూడు వేలమందికి పైగా ఇళ్ళకి తాళాలు పెట్టి, మునిసిపాలిటీ పొలిమేర దాటి, పాకలు వేసుకుని కూర్చున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. వెళ్ళింది ఎప్పుడు? మంచి ఎండల్లో. మా వైపు ఎండలు మీరు చూశారా? సముద్రం పక్కనే ఉందిగా, చల్లగా ఉంటుందనుకునేరు. చెమట ఆరదు, అంతే తేడా.

నాకు మాత్రం ఎప్పుడూ మగ్గాల మీదే ధ్యాస. మావి గుంటమగ్గాలు. మంచంలాగా ఎత్తుకుపోయేవి కావు. నేలలో గుంట తవ్వాలి, కాళ్ళు అందులో పెట్టి కూర్చోవాలి, అడుగున తొక్కుడు కర్రలు ఆడాలి. మరి ఇక్కడి నేలంతా ఇసుకపర్ర. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. గుంట ఒడ్డు జారుతుంది. ఆ తంటాలు ఎవరన్నా రాసిపెడితే బాగుండేది. ఉపన్యాసాలు రాశారు గానీ ఇది రాయలేదు, చూడండి!

పడుగు సంగతి ఇంకోటి. మా వీధుల్లో పొద్దున్నే పడుగు బారుగా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో తీస్తారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా దారాలే. ఎండ ముదిరేలోపు పని తెమలాలి. వాన చుక్క పడిందా, గంజీ పాయె, పడుగూ పాయె. పాలవాడు ఒంగి వెళ్ళాల్సిందే, పెళ్ళివారు ఒంగి వెళ్ళాల్సిందే. ఇంతమంది నేతగాళ్ళున్న రామనగరంలో పొద్దుటి పూట నడవడానికి దారి దొరికేదా అని నా అనుమానం.

పదకొండు నెలలున్నారండీ! ఎండాకాలం, తుఫాన్లకాలం, చలికాలం, అన్నీ ఆ పాకల్లోనే. తగాదాలొస్తే పంచాయతీ వాళ్ళే చేసుకున్నారు. ఈలోపు గోపాలకృష్ణయ్యగారిని బరంపురంలో పట్టుకుని, ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకి పంపారు. డబ్బు అడుగంటింది. 1922లో జనం మెల్లగా ఇళ్ళకి మళ్ళారు. మునిసిపాలిటీ కదల్లేదు. ఓడిపోయారంటారా? ఆ మాట చీరాల నడిబజార్లో అని చూడండి, నేను పక్కన ఉండను. గోపాలకృష్ణయ్యగారు మాత్రం 1928లోనే పోయారు, నిండా నలభై కూడా లేవు. ఇప్పుడు చీరాల, పేరాల రెండూ ఒకే మునిసిపాలిటీలో ఉన్నాయి. పన్నులు కడుతూనే ఉన్నారు, గొణుగుతూనే ఉన్నారు.

ఇంత దూరం వచ్చారు, వేటపాలెం చూడకుండా పోతారా? చీరాల దాటగానే జాండ్రపేట, ఆ తర్వాత అదే. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికలు దొంతర్లు దొంతర్లుగా ఉంటాయి. 1929లో గాంధీగారు ఇక్కడికీ వచ్చారు. ఆయన చేతికర్ర విరిగితే ఆ కర్రని భద్రంగా దాచిపెట్టుకున్నారు. విరిగింది గదా అని పారేసే రకాలం కాదు మేము.

కర్ర చూశాక జీడిపప్పు కొనుక్కోండి. వేటపాలెం జీడిపప్పంటే మాటలా! గుండు కావాలని గట్టిగా అడగండి. మొహమాటపడ్డారో, పైన గుండు పోసి అడుగున బద్ద కలిపేస్తారు.