లేహ్యపు డబ్బా

ఈ విషయము స్త్రీలు వ్రాయదగినది కాదనియు, చదువదగినది కాదనియు కొందఱనవచ్చును. కాని దీనివలన గలుగు నిందనంతయు స్త్రీలే మోయుచుండగా, దీనినిగూర్చి తెలిసికొను హక్కు మాత్రము వారికేల లేకపోవలెను? కావున మా యింట జరిగిన సంగతిని దాపఱికము లేక వ్రాయుచున్నాము.

మాది మడకశిర ప్రాంతము. కొండమీది పాతకోటను చూచుకొనుచు, వేరుసెనగయు రాగియు పండించుకొని బ్రదుకు మెట్టసీమ. ఈ అనంతపురపు పీఠభూమిలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే గతి. అదియు వేళకు రాదు.

మా మరిదికి వివాహమై నాలుగేండ్లు గడచినను సంతానము కలుగలేదు. మా తోడికోడలు సోమవారములు ఉపవాసములుండెను. హేమావతి సిద్ధేశ్వరునికి ప్రదక్షిణములు చేసెను. హిందూపురమున, బెంగుళూరున పరీక్షలన్నియు చేయించుకొనెను. ఆమెయందు లోపమేమియు కనబడలేదు. అయినను మా అత్తగారు, “దాని కడుపు పండునది కాదు, వానికి మఱియొక సంబంధము చూతము” అనిరి. మరిదిని పరీక్షించుకొమ్మని యెవ్వరును అనలేదు. మేమును అనలేదు. ఆ తప్పులో మాకును పాలు కలదు.

ఒకనాడు అటుకమీద చింతపండు కుండల వెనుక పేరులేని డబ్బా యొకటి మా చేతికి దొరకెను. అందు నల్లని లేహ్యము. సంతలో గుడారము వేసికొనిన వాడెవడో నలువది దినములలో మగతనము మరల వచ్చునని చెప్పి అమ్మెనట! దానికై మరిది వేరుసెనగ విత్తనములకు దాచిన సొమ్ము వ్యయపఱచెను. “వదినా! అమ్మతోను, దానితోను చెప్పవద్దు” అని తలవంచుకొనిన అతనిని చూడగా మాకు కోపము రాలేదు. తోడికోడలు బహిరంగముగా ఏడ్చినది. ఇతడు రహస్యముగా ఏడ్చినాడు. అంతియే భేదము.

మేము ఆ డబ్బాను, మరిదిని, తోడికోడలిని వెంటబెట్టుకొని, ఆయుర్వేదమున పట్టా పొందిన వైద్యునొకనిని చూడబోయితిమి. ఆయన మందు సంగతి యెత్తక, నిద్ర యెట్లున్నది, దప్పిక యెక్కువా, రాత్రి మూత్రమునకు ఎన్నిమాఱులు లేచెదవు, బీడీలు ఎన్ని, అప్పు ఎంత అని అడిగెను. పిమ్మట రక్తపరీక్షకును, వీర్యపరీక్షకును పంపెను. రక్తమున చక్కెర మిక్కుటముగా నుండెను. వీర్యమున కణములు తక్కువగా నుండెను. మధుమేహము, రక్తపుపోటు, పొగ, మద్యము ఇవి రక్తనాళములను నరములను చెఱచి పురుషుని సామర్థ్యమును హరించుననియు, కొన్నిమాఱులు ఈ బలహీనతయే గుండెజబ్బునకు ముందు హెచ్చరిక యనియు ఆయన చెప్పెను. సంతానము లేని దంపతులలో దాదాపు సగముమంది విషయమున పురుషునియందును కారణముండుననియు తెలిపెను. ఆ మాట విని మా తోడికోడలు చాలసేపు తల యెత్తలేదు.

వాజీకరణము ఆయుర్వేదపు అష్టాంగములలో నొకటి. చరకసంహిత చికిత్సాస్థానమున మొదటి అధ్యాయము రసాయనమునకు, రెండవది దీనికి చెందినవి. కాని అది సంతలో అమ్మెడి చిటికెవైద్యము కాదు. దేహశుద్ధి, జీర్ణశక్తి, ఆహారము, నిద్ర కుదిరిన పిమ్మటనే ఔషధము. అందు చెప్పబడిన మూలికలలో పెన్నేరుగడ్డ యనెడి అశ్వగంధ, పల్లేరుకాయలు, దూలగొండి గింజలు, పిల్లిపీచర మన తెలుగువారెఱిగినవే. పల్లేరు మన చేలగట్లమీద కాళ్లకు గ్రుచ్చుకొనునదే కదా! అశ్వగంధవలన వీర్యకణములు వృద్ధియైనట్లు కొన్ని చిన్న పరిశోధనలు చూపినవి. అవి చాలునని చెప్పజాలము. అది కొందఱికి కాలేయమునకు హాని చేసినట్లును తెలియుచున్నది. థైరాయిడ్ మందులు వాడువారు వైద్యునడుగక దానిని ముట్టరాదు.

ఇక పేరులేని డబ్బాల సంగతి. అట్టి మందులలో సిల్డెనాఫిల్ అను ఆధునికౌషధమును రహస్యముగా కలుపుట అనేకమాఱులు బయటపడినది. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడువారికి ఆ కలయిక ప్రాణాంతకము కావచ్చును. శుద్ధి సరిగా చేయని భస్మములలో సీసము, పాదరసము ఉండవచ్చును. పుంస్త్వము వృద్ధిచేసెదమని ప్రకటించుటను 1954 సంవత్సరపు చట్టమే నిషేధించినది. వీర్యకణము తయారగుటకు సుమారు 74 దినములు పట్టును. నలువది దినముల వాగ్దానము ఎంతటిదో మీరే యూహింపుడు.

ఆ వైద్యుడు మఱియొక మాట చెప్పెను. బలము నిచ్చువానిలో మనస్సంకల్పము శ్రేష్ఠమనియు, చెఱచువానిలో దౌర్మనస్యము ప్రధానమనియు చరకుడు లెక్కించెనట. వాన రాని యేట, అప్పులవాడు వాకిట నిలిచిన యింట, తల్లి మఱియొక పెండ్లి తలపెట్టినప్పుడు ఆ దౌర్మనస్యమునకు లేహ్యమేమి చేయగలదు?

మేము డబ్బాను పెంటలో పాతిపెట్టితిమి. సంగటిముద్ద చిన్నదైనది, ఆకుకూర, పప్పు పెరిగినవి. మరిది బీడీలు మానెను. చక్కెరకు మాత్రలు తప్పక మ్రింగుచున్నాడు. సాయంకాలము దంపతులిద్దఱును చెఱువుగట్టుదాక నడచి వచ్చుచున్నారు. అత్తగారికి మేమే పరీక్షల కాగితములు చదివి వినిపించితిమి. ఆమె చాలసేపు మాటలాడక, తుదకు కోడలిని పిలిచి, “ఆ ఉపవాసములింక చాలించవే, తల్లీ, అన్నము తిను” అనెను. సంతానము కలుగునో లేదో యింకను తెలియదు. కాని మఱియొక సంబంధము మాట మా యింట మరల వినబడలేదు.

సోదరీమణులారా! మీ యింట ఇట్టి కష్టమున్నచో భర్తను నిందింపకుడు, పరిహసింపకుడు. మీరు నిందను మోయకుడు. ఇద్దఱును కలిసి పట్టా గల వైద్యుని కడకు పొండు. అటుకమీది డబ్బాకంటె అది చవుక, క్షేమము, గౌరవము.