డెల్టా నుంచి గండకి దాకా

దివిసీమలో కంటికి ఆనే ఎత్తులంటే తాడిచెట్లు, గాలిగోపురాలు, ఘంటసాలలో పాత బౌద్ధ స్తూపపు దిబ్బ. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో చెప్పలేం. 1864లో బందరునూ, 1977 నవంబరు 19న దివిసీమనూ ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎక్కి ప్రాణాలు దక్కించుకోవడానికి ఒక్క గుట్టయినా లేకపోయింది.

ఎత్తంటే ఎరుగని ఈ దివిసీమ, గుడివాడ ఊళ్ల పెద్దవాళ్లు ఇప్పుడు జట్లుగా నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి వెళ్తున్నారు. మినుములు ఇంటికి చేరి, కాలవలు కట్టేసి, పిల్లల పరీక్షలు అయ్యాక బయల్దేరతారు. గుడివాడకు గన్నవరం విమానాశ్రయం దగ్గరే. ఢిల్లీలో విమానం మారి ఖాట్మండు, అక్కణ్ణుంచి పోఖరా, మళ్లీ చిన్న విమానంలో జోమ్‌సోమ్. నేపాల్‌కు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవాళ్ల దగ్గర మాత్రం పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, అరవై అయిదేళ్ల లోపువాళ్లకు ఆధార్ చెల్లదు.

ఇంత దూరం ఎందుకంటే, ఇది శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కొలువైన సీమ. ఆయన కలలో కనిపించి అడిగితేనే కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడంటారు. ఇక్కడ ఎన్నో ఇళ్ల పూజాపీఠాల్లో విష్ణువుగా కొలిచే తాతల నాటి సాలగ్రామం ఉంటుంది. అది పుట్టేది ముక్తినాథ్ కింద పారే కాళీగండకి నదిలో.

ఆ నల్లరాయి కథ తీరవాసులకు తెలియాలి. హిమాలయాలు లేవక ముందు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. అందులో బతికిన అమ్మోనైట్లనే గవ్వజీవులు అడుగున బురదలో కూరుకుపోయి, కోట్ల ఏళ్లలో రాయిగా మారాయి. మన పెద్దలు కళ్లకద్దుకునే చక్రం ఆ గవ్వ చుట్ల ముద్రే. భారత భూఫలకం ఆసియాను నెట్టడంతో ఆ సముద్రగర్భమే కొండయి లేచింది. భక్తికి దీనివల్ల లోటేమీ రాదు. నాకైతే ఆ రాయి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పోఖరా ఎత్తు సుమారు 800 మీటర్లు, జోమ్‌సోమ్ 2,700, ముక్తినాథ్ 3,700 పైనే. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానం దాదాపు ఇరవై నిమిషాల్లో దించేస్తుంది. మధ్యాహ్నానికి లోయలో గాలి విరుచుకుపడుతుంది కనుక విమానాలు పొద్దున్నే తిరుగుతాయి. దాంతో యాత్రలు నడిపేవాళ్లు అదే రోజు జీపులెక్కించి పైకి తీసుకెళ్లాలని చూస్తారు. బందరులో పీల్చే ఊపిరితో పోలిస్తే గుడి దగ్గర అందే ప్రాణవాయువు మూడింట రెండు వంతులే. పుట్టినప్పటి నుంచీ సముద్రమట్టంలో బతికిన అరవై ఏళ్ల మనిషికి ఆ తొందర మంచిది కాదు. జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి కదలకూడదు. కూర్చున్నచోటే ఆయాసం వస్తే వెంటనే కిందికి దిగాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి. ఆ ఒక్క రాత్రి ఖర్చు మిగుల్చుకోవద్దని మన పెద్దలను బతిమాలుకుంటున్నాను.

గుడి వెనక 108 ధారలు చన్నీళ్లు పోస్తుంటాయి. పక్కనే జ్వాలామాయి గుడిలో నేలలోంచి వచ్చే వాయువు నీలంగా వెలుగుతుంటుంది. బౌద్ధ సన్యాసినులు కూడా అక్కడ సేవ చేస్తారు, వాళ్లకూ అది పుణ్యక్షేత్రమే. వాళ్ల పుణ్యక్షేత్రం మన దగ్గరా ఉంది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలోనేనని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర వేడుక నిర్వహిస్తే హిమాలయాల నుంచి వేలమంది దిగివచ్చారు. అలా వచ్చేవాళ్లకు ఘంటసాల, గుడివాడ బౌద్ధ దిబ్బలు కూడా చూపించేలా పర్యాటక శాఖ బస్సులు వేయాలి, వాళ్ల భాషలో బోర్డులు పెట్టాలి.